ఆదోని నుంచి ఒక తండ్రి ప్రశ్న: సాక్సోఫోన్ నమ్ముకుంటే బతుకు గడుస్తుందా?

ఆదోని పత్తి మార్కెట్‌లో గుమాస్తాగా పనిచేస్తున్న ఒకాయన రాశారు. కొడుకు ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. తొమ్మిదో తరగతి నుంచి చర్చి బ్యాండులో ఆల్టో సాక్సోఫోన్ (సాక్సోఫోన్‌లలో ఒక రకం) వాయిస్తున్నాడు, ఈ మధ్య పెళ్లిళ్లకూ పిలుస్తున్నారు. ఇంజనీరింగ్ వద్దు, శాస్త్రీయ సంగీతం నేర్చుకుని కచేరీలు చేస్తా, సొంతంగా బాణీలు కడతా, పిల్లలకు నేర్పిస్తా అంటున్నాడట. "ఇదీ ఒక ఉద్యోగమేనా? రేపు పిల్లనిచ్చేవాళ్లు ఏం చేస్తున్నాడని అడిగితే ఏం చెప్పాలి?" అని ఆయన టెన్షన్.

అన్నా, సూటిగానే చెప్తాను. ఆర్మీ, పోలీసు బ్యాండ్లను పక్కన పెడితే సాక్సోఫోన్ వాయించినందుకు నెలనెలా జీతమిచ్చే చోటు మన వైపు దాదాపు లేదు. బయటి దేశాల్లోనూ అంతే. దీన్ని కనిపెట్టిన అడాల్ఫ్ సాక్స్ 1846లోనే పేటెంట్ తీసుకున్నా ఇప్పటికీ పెద్ద ఆర్కెస్ట్రాల్లో దానికంటూ పర్మనెంట్ కుర్చీ ఉండదు, ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ రాసిన 'బొలేరో' లాంటిది వాయించాల్సి వచ్చినప్పుడు బయటి నుంచి పిలిపించుకుంటారు. అందుకే అక్కడి క్లాసికల్ సాక్సోఫోన్ కళాకారులు కూడా పాఠాలు చెప్తూ, సంగీతం రాస్తూ, మధ్యలో కచేరీలు చేసుకుంటూ బతుకుతారు. మీవాడు చెప్పిన మూడు పనులూ అవే కదా. ఏ ఒక్కటీ విడిగా ఇల్లు గడవడానికి చాలదు, మూడూ కలిస్తే గడుస్తుంది. మూడూ కలిపి అడిగాడంటే ఈ దారి గురించి బాగానే ఆలోచించాడని నాకనిపిస్తోంది.

కద్రి గోపాల్‌నాథ్ గారి పేరు వినే ఉంటారు. మంగళూరు వైపు ఆయన, తండ్రి నాగస్వరం వాయించేవారు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని మనసు పడి, దానిమీద కర్ణాటక సంగీతం పలికించి, 1994లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్ అనే పెద్ద సంగీతోత్సవం దాకా వెళ్లారు, 2004లో పద్మశ్రీ వచ్చింది. మనకు పనికొచ్చే విషయం ఇంకొకటుంది. మద్రాసులో ఆయన శిష్యరికం చేసింది టి.వి. గోపాలకృష్ణన్ గారి దగ్గర, ఆయనేమో గాత్ర, మృదంగ విద్వాంసులు. కాబట్టి మీరు సాక్సోఫోన్ గురువు కోసం ఊళ్లన్నీ తిరగక్కర్లేదు. కర్నూలులో శారదా సంగీత కళాశాల ఉంది, అక్కడ గాత్రంలో చేరగలడేమో కనుక్కోండి. వీలుపడకపోతే తిరుపతి ఎస్వీ సంగీత నృత్య కళాశాల. గొంతు బాగుందా లేదా అన్నది ముఖ్యం కాదు, పాడటం వస్తే తప్ప రాగం వేళ్లలోకి దిగదు.

వాడిలో సరుకెంతో తెలియాలంటే ఒక పని చేయండి. ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి, మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు (మొదట నేర్పే స్వర పాఠాలు) మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో వాయించమనండి, ఆ తర్వాత తోడి రాగంలో గాంధారం, అంటే 'గ' స్వరం ఒక్కటే. తోడి గాంధారం నిలకడగా ఉండే స్వరం కాదు, కింద రిషభం ('రి') దగ్గర్నుంచి ఊగుతూ ఉండాలి. సాక్సోఫోన్ మీట నొక్కితే వచ్చేది కదలని స్వరం, దాన్ని పెదవి బిగువుతో, మీట సగం వదిలీ వదలకుండా ఊపాలి. మొదట్లో మేక అరిచినట్టే ఉంటుంది, ఫర్వాలేదు. ఒక నెల పాటు రోజూ పొద్దున ఆ ఒక్క స్వరం మీద కూర్చోగలిగితే ఈ దారిలో నిలబడతాడు, రెండు రోజులకే సినిమా పాటల మీదికి పోతే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

బాణీలు కడతా అన్నాడు కదా, అది ఇంట్లోంచే మొదలుపెట్టొచ్చు. సంగీతం రాసుకునే మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. స్టాఫ్ నొటేషన్, అంటే గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి, చదవడం, రాయడం తప్పనిసరిగా నేర్చుకోవాలి. ఆల్టో మీద కాగితంలో 'సి' స్వరం అని చూసి వాయిస్తే పలికేది ఈ-ఫ్లాట్, అంటే మన లెక్కలో రెండున్నర శ్రుతి. కీబోర్డుకు 'సి'లో రాసిన పాటను ఆల్టోకు 'ఎ'లో రాయాలి. ఇది తెలియక రిహార్సల్‌లో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు, తెలిసినవాడు ఐదు నిమిషాల్లో కాగితం మార్చి ఇస్తాడు, మళ్లీసారి పిలుపు అతనికే వస్తుంది. ఇంకో జాగ్రత్త: ఎవరికైనా ట్యూన్ ఇచ్చేటప్పుడు చదవకుండా సంతకం పెట్టొద్దని చెప్పండి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక సినిమా పాటకైనా స్వరకర్తకు రాయల్టీలో వాటా ఉంటుంది, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్ అనే సంస్థలో సభ్యత్వం తీసుకుంటే వసూలు సంగతి వాళ్లు చూస్తారు.

ఇక నేర్పించడం. ఏ దారీ లేనివాడు చేసే పని అని చాలామంది అనుకుంటారు, నేను అస్సలు ఒప్పుకోను. పెళ్లి కచేరీలు ముహూర్తాలను బట్టి వస్తాయి, ఆషాఢం, మూఢం వచ్చాయంటే జేబు ఖాళీ. ఆ నెలల్లో ఇంటికి బియ్యం తెచ్చేది పిల్లల ఫీజులే. పైగా పదేళ్ల పిల్లకు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పబోతే మనకు ఎంత తెలుసో మనకే తెలిసిపోతుంది. చర్చిలో చిన్నపిల్లలు ఇద్దరు ముగ్గురికి ఇప్పట్నుంచే నేర్పించమనండి. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల సాక్సోఫోన్ పరీక్షలు ఎనిమిదో గ్రేడు దాకా ఉంటాయి, బెంగళూరు, హైదరాబాద్ ప్రైవేటు స్కూళ్లలో మ్యూజిక్ టీచర్‌గా అడిగేటప్పుడు ఆ సర్టిఫికెట్ పనికొస్తుంది.

డిగ్రీ మాత్రం మానొద్దు. బీఏనో బీకామో, ఏదైనా సరే, సాధనకు పూట మిగిలేది చూసి చేర్పించండి. మనసు లేని ఇంజనీరింగ్‌లో పెట్టి నాలుగేళ్ల ఫీజులు కట్టడం మీకూ భారమే. పద్దెనిమిది నిండాక కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయొచ్చు, ఎంపికైతే నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తారు, దానికి గురువు దగ్గర కొన్నేళ్లు నేర్చుకుని ఉండాలి కాబట్టి గాత్రంలో ఆలస్యం చేయకండి. తర్వాత ఆకాశవాణి ఆడిషన్. బి గ్రేడు వచ్చినా చాలు, పిల్లనిచ్చేవాళ్లు అడిగితే డిగ్రీ చదివాడు, మ్యూజిక్ టీచరు, రేడియో ఆర్టిస్టు అని తలెత్తుకుని చెప్పొచ్చు.

కొత్త వాయిద్యం కొనమని అడిగితే ఇప్పుడే వద్దు, మంచి కంపెనీ స్టూడెంట్ ఆల్టోనే లక్ష చుట్టూ ఉంటుంది. ఉన్నదాని ప్యాడ్లు (మీటల కింద రంధ్రాలు మూసే మెత్తలు) మార్పించండి, రెండు మంచి రీడ్లు (నోటి దగ్గర బిగించే పలుచని పుల్లలు) కొనివ్వండి. తోడి గాంధారం రికార్డు చేసి నాకు పంపమనండి, విని అబ్బాయితోనే మాట్లాడతాను.