పాత పికప్‌కి పవర్ పెంచే ముందు, పోయిన పవర్ ఎటు పోయిందో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ నాన్నగారి కాలం నాటి నాలుగు సిలిండర్ల డీజిల్ పికప్ ఉంది, లోడుతో ఘాట్ ఎక్కుతుంటే లాగడం లేదు. ఇంజిన్‌కి డీజిల్ కొట్టే పంపులో డీజిల్ పెంచిస్తే, లేదా పెద్ద టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే ఫ్యాను) వేయిస్తే పవర్ పెరుగుతుందా అని అడిగారు.

పెరుగుతుంది. నేను పెంచించాను కూడా. అందుకే చెబుతున్నాను, ఆ దారిలో వెళ్లకండి.

మాది శృంగవరపుకోట. బండి బొలెరో పికప్, 2010 మోడల్. 2523 సీసీ, నాలుగు సిలిండర్లు, టర్బో ఉన్న డీఐ (డీజిల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) ఇంజిన్, కంప్యూటర్ లేని మెకానికల్ పంపు. అరకు వ్యాపారులకు సిమెంటు, ఇనుము, కిరాణా సరుకు వేస్తుంటాను. ఎనిమిదేళ్లు ఆ బండి నన్ను ఏ రోజూ ఇబ్బంది పెట్టలేదు. చెల్లి పెళ్లి దాని కిరాయిల మీదే చేశాం. కాబట్టి బండిని నేను తిట్టను. తప్పంతా దాన్ని చూసుకున్న మా చేతుల్లోనే ఉంది.

2018 వేసవి నుంచి పుల్లింగ్ తగ్గుతూ వచ్చింది. టైడ దాటాక మూడో గేరులో ఎక్కే చోట రెండోది వెయ్యాల్సి వచ్చేది. కొన్నాళ్లకు డముకు మలుపుల దగ్గర మొదటి గేరు కూడా వేశాను. స్టాండులో ఎవరిని అడిగినా ఒకటే మాట, "పంపు తిప్పించు, గాలిలా పోతుంది." సరే అని ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. అతను పంపు మీదున్న సీసం సీలు కటింగ్ ప్లేయరుతో తెంపి, లాక్ నట్టు వదులు చేసి, డీజిల్ పెంచే స్క్రూ తిప్పి, "ఇప్పుడు చూడు" అన్నాడు. పది నిమిషాల పని, ఐదొందలు తీసుకున్నాడు. ఎయిర్ ఫిల్టర్ మూత కూడా విప్పలేదు. ఆ రోజు నాకు తట్టలేదు గానీ, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

చదును రోడ్డు మీద బండి నిజంగానే కొత్తదానిలా లాగింది. బొడ్డవర వరకు టాప్ గేరులో దూసుకుపోయేది. రెండు వారాలు ఆనందంగా తిరిగాను.

తర్వాత జూలైలో ఒక రాత్రి 25 బస్తాల సిమెంటు వేసుకుని, అంటే 1250 కిలోలు, నేనూ మా బావా బయల్దేరాం. సన్నగా వాన. టైడ దాటాక అద్దంలో చూస్తే వెనక ఏమీ కనిపించడం లేదు. టెయిల్ లైటు వెలుగులో పొగ ఎర్రగా, చిక్కగా, గోడలా లేస్తోంది. "ఏంట్రా ఇంత పొగ?" అన్నాడు బావ. లోడు కదా అన్నాను. ఇంకో నాలుగు మలుపులు తిరిగేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చింది. కాలిన రబ్బరు వాసన, దాంతోపాటు తియ్యగా కూలెంట్ వాసన. డముకు ఇంకా రాలేదు, బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది.

మలుపులోనే ఆపాల్సి వచ్చింది. హ్యాండ్ బ్రేకు మీద నమ్మకం లేక బావ దిగి వెనక చక్రానికి బండరాయి అడ్డం పెట్టాడు. వాన పెద్దదైంది. టార్పాలిన్ ఒక మూల చిరిగి ఉంది, అక్కడి నుంచి నీళ్లు దిగుతుంటే నేను పైకెక్కి నా రెయిన్‌కోటు విప్పి కప్పాను. అయినా మూడు బస్తాలు తడిశాయి. తెల్లారేసరికి అవి రాళ్లు. కిందికి దిగుతున్న బస్సు ఒకటి మా వల్ల మలుపు తిరగలేక ఆగింది. ఆ డ్రైవరు "చిన్న బండికి ఇంత పొగేంటి తమ్ముడూ, పంపు తిప్పించావా?" అని చూడగానే అడిగాడు. ఆయనకు తెలిసింది నాకు తెలియలేదు.

గంటన్నర చల్లారనిచ్చి, వాగులో నీళ్లు తెచ్చి రేడియేటర్‌లో పోసి స్టార్ట్ చేస్తే టకటకమని శబ్దం, తెల్ల పొగ. ఇంక లాభం లేదని ఆపేశాం. పొద్దున్న ఇంకో బండి పిలిపించి బస్తాలు మార్చి, మా బండిని తాడు కట్టించి కిందికి దించాం.

ఇంజిన్ పై మూత, అంటే హెడ్, విప్పితే మూడో పిస్టన్ అంచు ఎలుక కొరికిన కొబ్బరి ముక్కలా ఉంది. గాస్కెట్ పోయింది. పిస్టన్లు, రింగులు, హెడ్ పని, అన్నీ కలిపి 48 వేలు. అది కాక మూడు వారాలు కిరాయి లేదు.

ఎందుకలా అయిందో తర్వాత అర్థమైంది. స్క్రూ తిప్పితే పెరిగేది డీజిల్ ఒక్కటే, గాలి కాదు. డీజిల్ శుభ్రంగా మండాలంటే దాని బరువుకి కనీసం పద్నాలుగున్నర రెట్లు గాలి కావాలి. పొగ రాకుండా ఉండాలంటే ఇంకా ఎక్కువే కావాలి. గాలి చాలనప్పుడు సగం మండిన డీజిల్ నల్లగా బయటికి పోతుంది, మండింది విపరీతమైన వేడి పుట్టిస్తుంది. పిస్టన్లు అల్యూమినియం మిశ్రమంతో చేసినవి. అసలు స్వచ్ఛమైన అల్యూమినియమే 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. చదును రోడ్డు మీద ఆ వేడి ఒక నిమిషం ఉండి పోతుంది కాబట్టి తెలియదు. ఘాట్‌లో యాక్సిలరేటర్ అరగంట నొక్కే ఉంచుతాం. పైగా సముద్ర మట్టం దగ్గరి గాలితో పోలిస్తే 900 మీటర్ల ఎత్తులో గాలి సుమారు ఎనిమిది శాతం పలచన. అరకు ఎత్తు దాదాపు అంతే ఉంటుంది.

ఇంజిన్ బిగించాక విజయనగరంలో పంపులు, నాజిళ్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) చూసే ఒక పెద్దాయన దగ్గరికి పంపించారు. డెబ్బై దగ్గర పడిన మనిషి. వెళ్లగానే పంపు ముట్టుకోలేదు. "బాబూ, రేసు ఇవ్వు" అని నన్ను సీట్లో కూర్చోబెట్టి, టర్బో నుంచి ఇంజిన్‌కి గాలి వెళ్లే రబ్బరు పైపు కింద చెయ్యి పెట్టాడు. ఒక్క నిమిషం. చెయ్యి తీసి చూపించాడు, నాలుగు వేళ్లకీ నల్లటి జిడ్డు నూనె. పైపు విప్పితే కింది వైపు, మనకు కనిపించని చోట, అంగుళంన్నర చీలిక. చేత్తో వంచితేనే తెరుచుకుంటుంది, మామూలుగా మూసుకునే ఉంటుంది. టర్బో గాలి కొట్టినప్పుడల్లా అక్కడి నుంచే బయటికి పోయేది. అంటే నా బండి ఎన్నాళ్లుగానో టర్బో ఉండీ లేని బండిలా తిరిగింది. పైపు, రెండు క్లిప్పులు కలిపి వెయ్యి రూపాయలు కూడా కాలేదు!

తర్వాత నాజిళ్లు టెస్టర్ మీద పెట్టి హ్యాండిల్ నొక్కాడు. రెండు నాజిళ్లు పొగమంచులా చిమ్మాయి. మూడోది సన్నని ధారలా కొట్టి, చివర చుక్క వేలాడింది. నాలుగోది కూడా అంతంతే. పిస్టన్ కాలింది ఆ మూడో నాజిల్ కిందే. "ఈ చుక్కే నీ పిస్టన్ తినేసింది, దానికి తోడు స్క్రూ తిప్పించి ఇంకా తాగించావు" అన్నాడు. పంపు బెంచీ మీద పెట్టి కంపెనీ లెక్క ప్రకారం సెట్ చేసి సీలు వేశాడు.

ఎయిర్ ఫిల్టర్ దులిపితే సిమెంటు దుమ్ము కుప్పగా రాలింది. వెనక చక్రం జాకీ మీద లేపి తిప్పితే అర చుట్టు తిరిగి ఆగిపోయింది. బ్రేకు షూ డ్రమ్ముని పట్టేసి ఉంది. అంటే ఘాట్ ఎక్కేటప్పుడు కూడా నేను బ్రేకు వేసుకునే ఎక్కుతున్నాను.

మీరే లెక్క వేయండి. బండి, లోడు కలిపి మూడు టన్నులు. వంద మీటర్లకు ఎనిమిది మీటర్లు లేచే రోడ్డు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి టైర్ల రాపిడితో కలిపి చక్రాల దగ్గర కావలసింది ముప్పై రెండు హార్స్‌పవర్ అటూ ఇటూ. ఆ ఇంజిన్ కొత్తలో ఇచ్చేది అరవై పైచిలుకు. గేర్‌బాక్సులో, వెనక ఇరుసులోని క్రౌన్ గేరులో కొంత పోయినా ఇంకా మిగులుతుంది. అలాంటప్పుడు పవర్ చాలకపోవడం ఏమిటి? ఉన్నది ఎక్కడో కారిపోతోంది. పాత పికప్ లాగడం లేదు అని వచ్చే పది బండ్లలో తొమ్మిదింటిది ఇదే కథ అని నేను పందెం కట్టి చెబుతాను.

పెద్ద టర్బో గురించి అడిగారు. వద్దు. పెద్ద టర్బో తిరగాలంటే ఇంజిన్ గట్టిగా తిరిగి ఎక్కువ పొగను తోయాలి. ఘాట్‌లో మనకు బలం కావలసింది తక్కువ స్పీడులో, మలుపు తిరిగి మళ్లీ లేచేటప్పుడు. అక్కడ పెద్ద టర్బో నిద్రపోతూ ఉంటుంది. పైగా బండిని కంపెనీ ఇచ్చిన తీరు నుంచి మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు దగ్గర మీరే తల పట్టుకోవాలి.

ఇంకో మాట. వీడియోల్లో చూసి మెకానికల్ పంపు బండికి కూడా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగు మార్చే చిప్పు పెట్టమని కుర్రాళ్లు అడుగుతున్నారు. కంప్యూటరే లేని ఇంజిన్‌కి చిప్పు దేనికి తగిలిస్తారు? డీజిల్‌లో కలిపే సీసాలు, సైలెన్సర్ కోసేసి పెట్టే గొట్టాలు కూడా ఇలాంటివే. ఊరంతా నిద్ర లేస్తుంది తప్ప బండి లాగదు. చూడ్డానికి బాగుంటాయని వెనక పెద్ద సైజు టైర్లు వేసేవాళ్లను చూస్తే ఇంకా బాధ. టైరు పెద్దదైతే ప్రతి గేరూ బరువెక్కుతుంది, ఉన్న లాగుడు కూడా పోతుంది. మీ బండికి అలాంటివి ఉంటే ముందు అవి తీసేయండి.

వ్యాపారుల సంగతి కూడా చెప్పాలి. "ఇంకో ఐదు బస్తాలే కదా" అంటారు. ఆ ఐదు బస్తాలు పావు టన్ను. కిరాయి మాత్రం ఒక్క రూపాయి పెంచరు. కాదంటే వేరే బండి పిలుస్తామంటారు. మా ఊరి బండ్లలో సగం పంపులు తిప్పించుకున్నవే అంటే దానికి కారణం ఇదే. డ్రైవర్లందరూ ఒక్క మాట మీద ఉంటే ఏ ఇంజినూ కాలదు.

ఆ పెద్దాయన చేసిన పనికి, నాజిళ్లతో కలిపి, తొమ్మిది వేలు దాటలేదు. అదే 25 బస్తాలతో మళ్లీ వెళ్లాను. డముకు మలుపులు రెండో గేరులో, అనంతగిరి దాటాక గాలికొండ వైపు మూడో గేరులో ఎక్కింది. అద్దంలో రోడ్డు కనిపించింది. బావ మాత్రం దారి పొడవునా ముల్లు వైపే చూస్తూ కూర్చున్నాడు. సుంకరమెట్ట దగ్గర టీకి ఆగినప్పుడు బానెట్ ఎత్తి చూస్తే ఎక్కడా చెమ్మ లేదు.

మీ బండికి ట్యాపెట్లు (వాల్వుల సందు), డీజిల్ ఫిల్టర్, క్లచ్ కూడా చూపించండి. మూడో గేరులో గట్టిగా రేసు ఇస్తే ఇంజిన్ శబ్దం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగినట్టే. రేడియేటర్ రెక్కల్లో దుమ్ము ఉంటే ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టి కడిగించండి, బయటి నుంచి కొడితే మురికి లోపలికే దిగుతుంది.

కానీ ఇవన్నీ తర్వాత. ఇవాళ సాయంత్రం బండి చల్లగా ఉన్నప్పుడు టర్బో రబ్బరు పైపు కింది వైపు, మనకు కనబడని వైపు, చెయ్యి పెట్టి తడమండి. వేళ్లకి నల్లటి జిడ్డు అంటితే ఇక్కడే రాయండి, తర్వాత ఏం చూడాలో చెబుతాను.