సంగీతం టీచర్ల సంఘంలో చేరితే ఏం ఒరుగుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో సంగీతంలో ఎం.ఏ. చేసింది. ఏడాదిగా సీతమ్మధారలో మా ఇంట్లోనే 14 మంది పిల్లలకు గాత్రం చెబుతోంది. ఒక్కొక్కరి దగ్గర నెలకు 800 రూపాయలు తీసుకుంటుంది. అదీ అందరూ వేళకు ఇవ్వరు. ఊళ్లో సంగీతం టీచర్ల సంఘం ఉందనీ, ఏడాదికి 1000 రూపాయలు కట్టి చేరమనీ వాళ్ల మేడం అంటున్నారు. మా వారేమో ఆ వెయ్యి దండగ, బీఈడీ చేస్తే ఉద్యోగమన్నా వస్తుందంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ వారి మాటలో సగం నిజం ఉంది. సంఘంలో చేరినంత మాత్రాన ఉద్యోగం రాదు. ఏ ఇంటర్వ్యూలోనూ సభ్యత్వం కార్డు అడగరు. అయితే బీఈడీ చేసినా సంగీతం ఉద్యోగం దానంతటది రాదు. కేంద్రీయ విద్యాలయాల్లో సంగీతం టీచరు పోస్టుకు ఇంటర్లో 50 శాతం మార్కులు, సంగీతంలో డిగ్రీ అడుగుతూ వచ్చారు. హిందీలోనూ ఇంగ్లీషులోనూ పాఠం చెప్పగలగాలి. మన పిల్లలు తడబడేది ఈ హిందీ దగ్గరే. కొత్త నోటిఫికేషన్ పడినప్పుడు అర్హతలు మరోసారి చూసుకోండి. కాలేజీలో చెప్పాలనుకుంటే ఎం.ఏ.లో 55 శాతం ఉండి యూజీసీ నెట్ అనే అర్హత పరీక్ష రాయాలి. కచేరీల వైపు మనసుంటే ఆకాశవాణి ఆడిషన్ ఉంది. బి గ్రేడుతో మొదలై బి హై, ఎ, టాప్ దాకా ఎవరి కష్టం వాళ్లది. బీఈడీలో మెథడాలజీ, అంటే బోధించడానికి తీసుకునే సబ్జెక్టు, డిగ్రీ సబ్జెక్టులను బట్టి ఉంటుంది. అమ్మాయి డిగ్రీలో ఏం చదివిందో మీరు రాయలేదు కాబట్టి దాని సంగతి ఇక్కడితో ఆపుతాను.

మరి సంఘం దేనికి? ఇంట్లో పాఠం చెప్పే టీచరుకు తోటి టీచరంటూ ఉండరు. విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాలనే తీసుకోండి. ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ప్రొఫెసర్. అంతటివాళ్లకీ పక్క గదిలో మరో విద్వాంసుడు ఉండేవాడు. మీ అమ్మాయికి పక్క గదిలో ఉన్నది మీరు, టీవీ. ఒక పిల్ల ఆరు నెలలైనా మొదట్లో నేర్పే జంట స్వరాల దగ్గరే ఆగిపోతే ఎవరిని అడుగుతుంది?

ఇలాంటి సంఘం సమావేశానికి ఒకసారి నేను ఊరికే వినడానికి వెళ్లాను. మొదటి గంటంతా వార్షికోత్సవంలో ఎవరికి శాలువా కప్పాలి, మెమెంటో ఎంతలో చేయించాలి అన్నదే గొడవ. లేచి వచ్చేద్దామనుకున్నాను. అంతలో గాజువాక నుంచి వచ్చిన ఒక టీచరు లేచింది. తన దగ్గర పదమూడేళ్ల కుర్రాడు నిరుటి దాకా ఐదు శ్రుతిలో, అంటే బాగా ఎత్తు గొంతులో, హాయిగా పాడేవాడట. ఇప్పుడు పై షడ్జం (పై 'స') దగ్గర గొంతు చీలిపోతోందట. వాళ్లమ్మ మానిపించేస్తానంటోందట. వెనక వరసలోంచి ఒక పెద్దాయన అన్నారు: "గొంతు మారుతోందమ్మా, వాడి తప్పేం లేదు. శ్రుతి దించు. ఒకటిన్నరో, రెండో, గొంతు ఎక్కడ నిలబడితే అక్కడ. పై స్థాయి జోలికి పోకు. వర్ణానికి చేత్తో తాళం వేయించి, స్వరాలు నోటితో చెప్పించు, పాడించకు. లయ గట్టిపడుతుంది. వాళ్లమ్మని నా దగ్గరికి పంపు, నేను చెబుతాను." ఆవిడ నోట్‌బుక్కు తీసి గబగబా రాసుకుంది. మీరు కట్టే వెయ్యికి వచ్చేది ఇదే.

మన ఊరికి మరో అవసరం కూడా ఉంది. నేవీ వాళ్లు, స్టీల్ ప్లాంటు వాళ్లు, బదిలీల మీద వచ్చిపోయే కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. ముంబయిలో హిందుస్తానీ మొదలుపెట్టిన పిల్ల సగంలో ఇక్కడికి వస్తుంది. మీ అమ్మాయి చెప్పేది కర్ణాటక సంగీతం. ఆ పిల్లను ఎవరి దగ్గరికి పంపాలో తెలిసి ఉండాలి. ఇంకొకరు కీబోర్డు కావాలంటారు, లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల గ్రేడు పరీక్ష రాయించమంటారు. అటు పంపితేనే అటు నుంచి గాత్రం కోసం వచ్చినవాళ్లు ఇటు వస్తారు. పిల్లల చేత స్టేజీ మీద పాడించడానికీ అంతే. హాలు అద్దె, మైకు, మృదంగం ఆయన పారితోషికం, ఇవన్నీ 14 మంది తల్లిదండ్రుల మీద వేస్తే మొహం చిట్లిస్తారు. ఆరుగురు టీచర్లు కలిస్తే సులువుగా తేలిపోతుంది.

ఫీజుల సంగతి. సంఘం తీర్మానం చేసి అందరూ ఇంతే తీసుకోవాలని రేటు కట్టేస్తుందేమోనని ఆశ పెట్టుకోకండి. అలా కట్టడం 2002 నాటి కాంపిటీషన్ చట్టం ప్రకారం చిక్కు తెస్తుంది. మీ అమ్మాయి ఇబ్బంది 800 అన్న అంకెలో లేదు, వసూలు చేసే పద్ధతిలో ఉంది. దసరా సెలవులకు, ఫిబ్రవరి, మార్చి పరీక్షలకు పిల్లలు రారు, వాళ్లతోపాటు ఫీజూ రాదు. అనుభవం ఉన్న టీచర్లు మూడు నెలలది ముందే తీసుకుంటారు, మానేసిన క్లాసుకు నియమం కాగితం మీద రాసి ఇస్తారు. ఆ కాగితం ఒకటి అడిగి తెచ్చుకుని, తనకు సరిపడేలా మార్చుకోమనండి.

అమెరికాలో సంగీతం టీచర్ల జాతీయ సంఘం 1876లోనే పుట్టింది. కింద రాష్ట్రాల సంఘాలు, ఊళ్లలో స్థానిక సంఘాలు ఉంటాయి. టీచర్ల పనితనం చూసి సర్టిఫికెట్ కూడా ఇస్తుంది. మన ఊరి సంఘం నుంచి అంత ఆశించకండి. సభ్యత్వ పత్రం ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తే అందమే కానీ, అది అర్హత కాదు.

చేరేముందు రెండు మీటింగులకు ఊరికే వెళ్లి కూర్చోమనండి. రిజిస్టర్ అయిందా, ఏటా లెక్కలు చూపిస్తారా, మాట్లాడేవాళ్లలో నిజంగా పాఠాలు చెప్పేవాళ్లు ఎందరు, అన్నది చూడాలి. రెండుసార్లూ శాలువాల దగ్గరే ఆగిపోతే ఆ వెయ్యి మీ వారు అన్నట్టు దండగే. అప్పుడు ఎం.వి.పి. కాలనీ, మద్దిలపాలెం, సీతమ్మధారల్లో చెప్పే నలుగురైదుగురు టీచర్లను నెలకో ఆదివారం మీ ఇంటికే పిలవండి, కాఫీ ఖర్చుతో పోతుంది. బలపడితే అప్పుడు చూసుకోవచ్చు. 2001 నాటి మన సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించడానికి ఏడుగురు చాలు.

మొదటి మీటింగుకు మాత్రం ఉత్త చేతులతో పంపకండి. ఆ 14 మందిలో తనకు కొరుకుడుపడని పిల్ల ఒకరుంటారు. ఆ పిల్ల ఎక్కడ ఆగిపోతోందో ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేసి పట్టుకెళ్లమనండి. చేరాలని నిశ్చయించుకుంటే, ఆ వెయ్యి తన ట్యూషన్ డబ్బులోంచే కట్టనివ్వండి. మీ వారితో పేచీ ఉండదు.