ఇంటి పన్నులో దానంతటదే తగ్గిన 5 శాతం: మళ్లీ వెనక్కి అడుగుతారా?

మీరు అడిగింది ఇదీ. నెల్లూరు బాలాజీనగర్‌లో ఈమధ్యే ఇల్లు కొన్నారు. ఏప్రిల్‌లో ఫోన్‌లో ఇంటి పన్ను కడుతుంటే ‘రిబేటు’ అని కొంత దానంతటదే తగ్గింది. మీరు దరఖాస్తు పెట్టిందీ లేదు, ఎవర్నీ అడిగిందీ లేదు. పొరపాటున తగ్గించి రేపు వడ్డీతో సహా వెనక్కి లాగుతారేమో అని మీ భయం. పైగా పక్కింటాయన జులైలో కడితే ఆయనకు పైసా తగ్గలేదు.

పొరపాటేం కాదు, ఎవరూ వెనక్కి అడగరు. మాది ఒంగోలు. ఈ రిబేటు మీద మా నాయనకీ నాకూ రెండు మూడేళ్లు పంచాయితీ నడిచింది, అందుకని కాస్త వివరంగా చెప్తాను.

మున్సిపాలిటీల్లో ఇంటి పన్ను ఆర్నెల్ల లెక్క. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా రెండోది. మొదటిదానికి జూన్ 30, రెండోదానికి డిసెంబరు 31 గడువు. ఈ రెండూ కలిపి ఏప్రిల్ 30 లోపు ఒకేసారి కట్టేస్తే ఆ ఏడాది పన్నులో 5 శాతం తగ్గిస్తారు. మీ పేరూ మీ ఆదాయం ఎవరూ చూడరు. మీరు ఆ ఇంట్లో ఉంటున్నారా, అద్దెకిచ్చారా అనీ చూడరు. అసెస్‌మెంట్ నెంబరు, అంటే ఇంటి పన్ను ఖాతా నెంబరు, కొట్టగానే కంప్యూటర్ తారీఖు చూసి తగ్గిస్తుంది. అందుకే దరఖాస్తు మాటే లేదు.

ఇందులో జనం తప్పేదల్లా ఆ ‘రెండూ కలిపి’ అన్న దగ్గరే. మా నాయన ఏప్రిల్‌లోనే కట్టేవాడు, కాకపోతే సగం. మిగతా సగం అక్టోబరులో. అంతా ఒకేసారి కట్టేద్దాం నాయనా అంటే, “ఇంకా రాని ఆర్నెల్లకి ఇప్పుడే డబ్బులు పొయ్యడమేందిరా” అనేవాడు. ఓసారి పంతానికి బీరువాలోంచి ఆయన రసీదుల కవరు తీసి మంచం మీద పరిచాను. ఏడాదికి రెండు చొప్పున, రబ్బరు బ్యాండేసి, వరసలో పెట్టుకున్నాడు. ఒక్క గడువు దాటలేదు, ఒక్క రూపాయి వడ్డీ లేదు. రిబేటు గడిలో మాత్రం అన్నిట్లోనూ సున్నా. ఆ సున్నాలు చూపించాకే మెత్తబడ్డాడు.

మా లెక్క చెప్తాను. ఏడాది పన్ను 3,680. ఆర్నెల్లకి 1,840 అన్నమాట. రిబేటు 184 పోను కట్టాల్సింది 3,496. గ్యాస్ బండకి కూడా చాలదు కదా అంటారా? నిజమే. కానీ గడువు దాటితే నెలకి 2 శాతం వడ్డీ. 1,840 మీద నెలకి 36 రూపాయల 80 పైసలు. అయిదు నెలలు మర్చిపోతే ఆ 184 వడ్డీ కింద మన జేబులోంచే పోతుంది.

అంత చెప్పినవాణ్ణి, నేనే ఓ ఏడాది దెబ్బతిన్నాను. ఏప్రిల్ 30 రాత్రి పదిన్నరకి ఫోన్‌లో కట్టాను. డబ్బు అకౌంట్లోంచి పోయింది, రసీదు రాలేదు. మూడు రోజులకి డబ్బు తిరిగొచ్చింది, మళ్లీ కట్టబోతే మే నెల. రిబేటు లేదు. మా వార్డు సచివాలయంలో బ్యాంకు మెసేజ్ చూపిస్తే, రసీదు నెంబరు లేకపోతే మేమేం చెయ్యలేం సార్ అన్నారు. మా నాయన ఏమీ అనలేదు, నవ్వాడంతే. అప్పట్నుంచి ఉగాది అయ్యాక, మున్సిపాలిటీ ఆటో మైకులో చెప్పుకుంటూ తిరిగే రోజుల్లోనే కట్టేస్తున్నా.

ఇంకోటి. రిబేటు వచ్చింది కదా అని పన్ను తగ్గిందనుకోకండి. 2021 ఏప్రిల్ నుంచి మన ఆంధ్రాలో పన్ను లెక్కే మారింది. అంతకుముందు ఇంటికి ఎంత అద్దె వస్తుందో అంచనా కట్టి దాని మీద వేసేవాళ్లు. ఇప్పుడు స్థలం, కట్టడం విలువ మీద వేస్తున్నారు. కొత్త లెక్క ఎంత పైకి పోయినా, అంతకుముందు ఏడాది పన్ను మీద 15 శాతానికి మించి పెంచకూడదని హద్దు పెట్టారు. మా 3,680 అంతకుముందు ఏడాది 3,200. పెరిగింది 480, రిబేటు 184. చేత్తో ఇచ్చి చేటతో తీసుకున్నట్టే ఉంటుంది గానీ, ఈ రెండూ వేరే వేరే లెక్కలు.

పాత పద్ధతిలో సొంతదారే కాపురముంటే అద్దె అంచనాలో 40 శాతం మినహాయింపు ఉండేది. పెద్దవాళ్లు ఎవరైనా “సొంతిల్లయితే తగ్గుద్ది” అన్నారంటే ఆ పాత మాటే. మీ 5 శాతానికీ దానికీ సంబంధం లేదు. ఇల్లు ఖాళీగా ఉందని అడిగే తగ్గింపు కూడా వేరే, దానికి మాత్రం దరఖాస్తు పెట్టాల్సిందే.

కొన్న ఇల్లు అన్నారు కాబట్టి మీరు అసలు చూడాల్సింది పన్ను బిల్లులో బకాయి గడి. 5 శాతం ఈ ఏడాది పన్ను మీదే, పాత బాకీ మీద రాదు. అమ్మినాయన ఏమైనా బాకీ పెట్టి పోతే అది ఆ అసెస్‌మెంట్ నెంబరు మీదే ఉంటుంది, అంటే ఇప్పుడు మీ నెత్తిన. ‘అనధికార నిర్మాణం’ అని జరిమానా గడి కూడా ఒకటి ఉంటుంది. ప్లానుకి మించి కట్టుంటే పన్నులో 25 శాతం నుంచి పన్నుకి సమానంగా వేసేదాకా ఉంది. దాని పక్కన అంకె కనపడితే సచివాలయానికి ప్లాను కాగితాలు తీసుకుపోయి అడగండి. లైబ్రరీ సెస్సు చూసి మాత్రం కంగారు పడొద్దు, అది అందరికీ ఉండేదే, రూపాయికి 8 పైసలు.

రసీదు పీడీఎఫ్ దించి దాచుకోండి, ఫోన్‌లో వచ్చిన మెసేజ్ లెక్కలోకి రాదు. మీ పక్కింటాయన జులైలో కట్టాడన్నారుగా, ఆయనకి ఇక వచ్చే ఏప్రిలే.