మొండితనం అనేముందు పాప చెవులు చూపించండి

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు. డౌన్ సిండ్రోమ్ ఉంది, అంటే పుట్టుకతోనే ఎదుగుదల, నేర్చుకోవడం కాస్త నెమ్మది. మామూలు స్కూల్లోనే చదువుతోంది. ఈ ఏడాది నుంచి టీచరు రోజూ ఫిర్యాదే. చెప్పిన పని చెయ్యదట, ఆట అయ్యాక క్లాసులోకి రమ్మంటే నేల మీద కూర్చుని లేవదట. ఇలా మొండికేస్తే స్పెషల్ స్కూలుకు మార్చుకోండి అంటున్నారు. ఇంట్లో మా అత్తగారు ఇప్పటికీ చెంచాతో తినిపిస్తారు, బట్టలు తొడుగుతారు. పన్నెండేళ్ల మా బాబు స్నేహితులు వస్తే చెల్లెల్ని గదిలోంచి బయటికి రానివ్వడు. నాకు ఏడుపు తప్ప ఏమీ తోచడం లేదు.

జవాబు: మీ ఉత్తరంలో ‘ఈ ఏడాది నుంచి’ అన్న మాట దగ్గర ఆగిపోయానమ్మా. పోయినేడు లేని మొండితనం ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? స్కూలు మార్చే సంగతి తర్వాత చూద్దాం. ముందు వినికిడి పరీక్ష చేయించండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చెవికీ గొంతుకూ మధ్య ఉండే సన్నని గొట్టం సరిగా తెరుచుకోక, కర్ణభేరి వెనక జిగురులాంటి ద్రవం చేరడం చాలా మామూలు. చాలాసార్లు నొప్పి ఉండదు, బయటికి ఏమీ కనిపించదు. ఒక వారం బాగానే వినిపిస్తుంది, ఇంకో వారం వినిపించదు. పక్కనున్న పెద్దవాళ్లకేమో కావాలనే వినడం లేదనిపిస్తుంది.

పనిలో పనిగా కళ్లు, థైరాయిడ్ కూడా చూపించండి. థైరాయిడ్ తగ్గితే పిల్ల మందకొడిగా అయిపోతుంది. రాత్రి బాగా గురక పెడుతుంటే ఆ మాటా డాక్టరుకు చెప్పండి. నిద్రలో ఊపిరి సరిగా అందని పిల్లలు పగలంతా చిరాగ్గా ఉంటారు. మెడ నొప్పి, నడకలో కొత్తగా తేడా, ఒంటికీ రెంటికీ అదుపు తప్పడం ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే తీసుకెళ్లండి.

చెవులు బాగానే ఉన్నాయన్నా, విన్న మాటను గుర్తుంచుకోవడం ఈ పిల్లలకు కష్టం. ‘బ్యాగు సర్దుకో, బాటిల్ తీసుకో, వచ్చి వరసలో నిలబడు’ అంటే మూడోది వినేసరికి మొదటిది జారిపోతుంది. ఒక్క పనే చెప్పాలి. చెప్పాక మనసులో పది లెక్కపెట్టాలి. మనం రెండు అంకెలకే తొందరపడి అదే సంగతి ఇంకో మాటల్లో చెప్తాం, పాప మళ్లీ మొదటి నుంచి అర్థం చేసుకోవాల్సి వస్తుంది. చెప్పినంత తేలిక కాదిది. నేనే ఆరు దాటలేని రోజులున్నాయి.

చెవితో విన్నదాని కంటే కంటితో చూసింది వీళ్లకు బాగా నిలుస్తుంది. నోటితో చెప్పగలిగేదానికన్నా అర్థమయ్యేది చాలా ఎక్కువ. అందుకే ఒక అట్టముక్క మీద ఆట, గంట, క్లాసు బొమ్మలు వరసగా అతికించి, కింద పేర్లు రాసి టీచరుకివ్వండి. గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందు అది చూపిస్తే చాలు. బంతి లోపలికి తెచ్చే పని పాపకే అప్పగిస్తే ఇంకా మంచిది. కూర్చుండిపోయినప్పుడు మాత్రం రెక్క పట్టి లాగకూడదు, నలుగురూ చుట్టూ మూగకూడదు. అంతమంది తననే చూస్తుంటే అంతకు మించిన ఆట ఏముంటుంది?

టీచరుతో వాదనకు దిగకండి. ఒక వారం పాటు, పాప కూర్చునే ముందు ఏం జరిగిందో రెండు ముక్కలు రాసి పెట్టమని అడగండి. ఎండలోనా, గోల ఎక్కువైనప్పుడా, ఆటలో ఎవరూ చేర్చుకోనప్పుడా? కారణం అక్కడే దొరకొచ్చు. స్పెషల్ స్కూలు తప్పేమీ కాదు, కొందరు పిల్లలకు అదే సరిపోతుంది. కానీ చెవి పరీక్ష కూడా కాకుండా ఆ నిర్ణయం తీసుకోవడం నాకు నచ్చదు.

అత్తగారిని మానేయమనకండి, బాధపడతారు. ఆఖరి మెట్టు పాపకు వదలమనండి. గౌను తల మీంచి దించేది నానమ్మ, కిందికి లాక్కునేది పాప. అది వచ్చాక చేతులు దూర్చుకోవడం కూడా పాపదే. చెంచా విషయమూ అంతే, చివరి నాలుగు చెంచాలు తన చేత్తో. కండరాల పట్టు తక్కువ కాబట్టి ఒలికిపోతుంది, ఆలస్యమవుతుంది. అందుకని సెలవు రోజున మొదలుపెట్టండి.

మీ బాబు చెడ్డవాడేం కాదు. స్నేహితులు అడిగితే ఏం చెప్పాలో వాడికి తెలియదు, అంతే. మనందరి కణాల్లో జన్యువులను మోసే పోగుల్లో ఒకటైన 21వ క్రోమోజోము రెండేసి ఉంటే చెల్లికి మూడు ఉన్నాయనీ, అది ఎవరి తప్పూ కాదనీ, అంటుకునేది కాదనీ చెప్పండి. కాపలా పని మాత్రం వాడి నెత్తిన పెట్టకండి. వారంలో ఒక గంట వాడొక్కడితో గడపండి, ఆ గంటలో చెల్లి ప్రస్తావన వద్దు.

ఇక మీ సంగతి. ఉత్తరంలో అత్తగారున్నారు, బాబున్నాడు, టీచరున్నారు. పాప నాన్న ఎక్కడా లేరు. ఆయన ఇంట్లోనే ఉంటే వినికిడి పరీక్షకు ఆయన్నే తీసుకెళ్లమనండి. రిపోర్టు వచ్చాక స్కూలుకు ఇద్దరూ కలిసి వెళ్లండి.