ఆర్చిలో భారం మోసేది నడిమి రాయేనా?

ప్రశ్న: మా తాతగారి నాటి మేడలో వీధి ద్వారం మీది ఇటుక ఆర్చికి, నడినెత్తిన కింది అంచులో బీట కనిపిస్తోంది. నడిమి రాయిని మారిస్తే చాలని మేస్త్రీ గారు అంటున్నారు. ద్వారం పక్క గోడ కొంత తీసి షట్టరు పెట్టించాలనుకుంటున్నాము. వెనక కొట్టు కప్పు కూడా ఇటుక వంపే. ఆర్చిలో ఏ భాగం ఏం పని చేస్తుందో తెలుపగలరు.
— ఒక పాఠకుడు, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: ఆ నడిమి రాయిని కీస్టోన్ అంటారు. అందరికంటే చివర దిగేది అదే కావడం వల్ల, పైగా దాని మీద పువ్వో సంవత్సరమో చెక్కే ఆనవాయితీ ఉండడం వల్ల, దానికి లేని పెద్దరికం వచ్చింది. నిజానికి అదీ తక్కినవాటిలాగే పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉండే చీలముక్క మాత్రమే. ఇటుక ఆర్చిలో చాలాసార్లు ఆ చీల ఆకారం ఇటుకకు కాక, పైకి పోయేకొద్దీ మందమయ్యే సున్నపు కీళ్లకు వస్తుంది. సెంట్రింగ్ (కట్టేటప్పుడు కింద ఆనించే తాత్కాలిక చట్రం) తీసిన మరుక్షణం నుంచి ప్రతి ముక్కా పక్కదాన్ని నెడుతూ భారాన్ని ఇరువైపులా అడుగున ఉన్న మొదటి ముక్క, అంటే స్ప్రింగర్ దాకా దించుతుంది. స్ప్రింగర్ దానిని అబట్‌మెంట్‌కు, అంటే మీరు తీయించాలనుకుంటున్న ఆ పక్క గోడకే, అప్పగిస్తుంది.

ఆ భారం నిలువుగా దిగడంతో సరిపెట్టుకోదు, గోడను బయటికి కూడా నెడుతుంది. వెడల్పూ బరువూ అవే ఉండి ఆర్చి ఎత్తు సగానికి తగ్గితే ఆ నెట్టుడు దాదాపు రెట్టింపవుతుంది. 1578లో కట్టిన హైదరాబాదు పురానాపూల్‌కు 22 ఆర్చీలున్నాయి. అలాంటి వరుసలో నడిమి ఆర్చీల నెట్టుడును ఇరుగుపొరుగు ఆర్చీలే సరిచేస్తాయి, చివరివాటికి మాత్రం ఒడ్డునున్న గట్టి కట్టడమే దిక్కు. మీ ద్వారం ఇంటి మూలకు దగ్గరగా ఉంటే దాని పరిస్థితీ అంతే.

ఇక బీట సంగతి. నడినెత్తిన అడుగువైపు, భుజాల దగ్గర పైవైపు కీళ్లు తెరుచుకున్నాయంటే సాధారణంగా గోడలు ఎడంగా జరిగాయని అర్థం. ఆర్చి మూడు చోట్ల ఇలా విచ్చుకున్నా నిలవగలదు, నాలుగో చోట విచ్చుకుంటే కూలుతుంది. కీస్టోన్ మార్చినా గోడ జరగడం ఆగదు కనుక, ఆ ఖర్చు దండగ.

కొట్టు కప్పు వాల్ట్, అంటే వెనక్కి సాగిన ఆర్చి. అది గోడ పొడవునా నెడుతుంది కాబట్టి అక్కడ కొత్తగా కిటికీ పెట్టడమూ తేలిక కాదు. (గుంటుపల్లి గుహలో గుండ్రని కప్పు ఉన్నా, అది కొండలో తొలిచినది, కీళ్లూ లేవు, ఈ తంటాలూ లేవు.)

ముందుగా బీటకు అడ్డంగా పలచని జిప్సం పట్టీ వేసి, దాని మీద తేదీ రాయండి. అది చిట్లితే కదలిక ఇంకా సాగుతున్నట్టే. చిట్లినా చిట్లకపోయినా, స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పేదాకా పక్క గోడలో ఒక్క ఇటుకైనా కదిలించవద్దు.