ఈడిపస్ మాటల్లో ఐరనీ ఎక్కడుంది?

‘ఈడిపస్ పాత్రలో ఐరనీ అంటే విధి వ్యంగ్యం అని రాస్తే సరిపోతుందా?’ అని అడిగారు. సరిపోదు.

ముందు ‘వ్యంగ్యం’ అన్న మాటను పక్కన పెట్టండి. మనకు వ్యంగ్యమంటే మనసులో ఒకటి పెట్టుకుని కావాలని అనే మాట. గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ తన ‘ఈడిపస్ రాజు’ నాటకంలో ఈడిపస్ చేత పలికించింది అది కాదు. అతను చిత్తశుద్ధితోనే అంటాడు. మాటకున్న రెండో అర్థం ప్రేక్షకుడికి వినిపిస్తుంది, అతనికి వినిపించదు. తెలియకుండానే తండ్రి లాయస్‌ను చంపి, తల్లి జొకాస్టాను పెళ్లాడి, థీబ్స్ రాజైనవాడు ఈడిపస్. ఏథెన్స్ ప్రేక్షకులకు ఈ కథ ముందే తెలుసు కాబట్టే ఇది సాధ్యమైంది.

ఏ మాట తీసుకున్నా మూడు చూడండి: అన్నవాడు ఏమనుకుని అన్నాడు, మనకేం వినిపించింది, రంగస్థలం మీద ఇంకెవరికి నిజం తెలుసు. మూడోది చాలామంది వదిలేస్తారు.

నాటకంలో 216వ పాదం దగ్గర మొదలయ్యే ప్రకటన చూడండి. థీబ్స్‌లో మహమ్మారి. పాత రాజు లాయస్‌ను చంపినవాడికి ఎవరూ ఆశ్రయం ఇవ్వకూడదు, వాడితో మాట్లాడకూడదు అని ఈడిపస్ ఆజ్ఞ. తెలిసి వాడిని నా ఇంట్లో ఉండనిస్తే ఆ శాపం నాకే తగలాలంటాడు. 264లో, లాయస్ కోసం ‘నా సొంత తండ్రి కోసమైనట్టు’ పోరాడతానంటాడు. ప్రాణమంతా ఆ ‘అయినట్టు’లో ఉంది. అతనికి అది పోలిక, మనకు అది నిజం. అనువాదంలో ఆ ముక్క జారిపోతే ఐరనీ కూడా పోతుంది, అందుకే రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టుకుని చదవండి.

జొకాస్టా ఓదార్పూ ఇలాంటిదే. జోస్యాలు నమ్మకు, లాయస్‌ను మూడు దారుల కూడలిలో దొంగలు చంపారట అంటుంది. అలాంటి కూడలిలోనే తనూ ఒకర్ని చంపాడు కాబట్టి ఆ ‘మూడు దారులే’ ఈడిపస్ గుండెలో గుబులు రేపుతాయి. కొరింత్ దూత కూడా భయం పోగొడదామనే నువ్వు పాలిబస్ (అతన్ని పెంచిన కొరింత్ రాజు) కొడుకువి కాదంటాడు. కథ తలకిందులవడానికి అరిస్టాటిల్ ‘పోయెటిక్స్’లో చూపిన ఉదాహరణ ఇదే. ఇద్దరూ మేలు కోరి అన్నవాళ్లే. అందుకే ‘అహంకారంతో పడిపోయాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేసే జవాబులు నాకు నచ్చవు. ఊరిని కాపాడాలన్న పట్టుదలే అతన్ని అక్కడికి తీసుకెళ్లింది.

ఎక్కువగా జరిగే పొరపాటు గుడ్డి జోస్యుడు టైరీసియస్ దగ్గర. హంతకుడివి నువ్వేనని అతను మొహం మీదే చెబుతాడు, అది ఐరనీ కాదు. నీకు చెవులూ బుద్ధీ కళ్లూ అన్నీ గుడ్డివే అని ఈడిపస్ తిట్టడం ఐరనీ, నిజం కనబడనిది తనకే కాబట్టి.

సోఫోక్లిస్ ఇంకో నాటకం ‘ఎలక్ట్రా’ చివర ఉన్నది వేరే రకం. అందులో ఒరెస్టిస్ తన తల్లి క్లైటెమ్నెస్ట్రాను చంపి, శవం మీద ముసుగు కప్పి ఉంచుతాడు. ముసుగు కింద ఉన్నది ఒరెస్టిస్ శవమనుకుని, క్లైటెమ్నెస్ట్రాను పిలవమంటాడు ఆమె రెండో భర్త ఈజిస్థస్. ఆమె నీ దగ్గరే ఉంది, ఇంకెక్కడా వెతకకు అంటాడు ఒరెస్టిస్. ఇతను తెలిసే అంటున్నాడు. తెలిసీ తెలియనట్టు నటించడమే గ్రీకులో ‘ఐరోనియా’ అసలు అర్థం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకండి.