మడమ వెనుక నొప్పి: పీఆర్పీనా, షాక్‌వేవా?

ప్రశ్న: నా వయసు 36. రోజూ ఉదయం పరుగెత్తే అలవాటు ఉంది. ఐదు నెలలుగా కుడి మడమ వెనుక నరం నొప్పి. నిద్ర లేవగానే మొదటి నాలుగడుగులు వేయడం నరకం. ఐస్ పెట్టాను, మాత్రలు వాడాను, మూడు వారాలు పూర్తిగా రెస్ట్ తీసుకున్నాను. పరుగు మొదలెట్టగానే మళ్లీ వచ్చేసింది. ఒకరు పీఆర్పీ ఇంజెక్షన్ అంటారు, ఒకరు షాక్‌వేవ్ అంటారు, జిమ్‌లో తొడకు బ్యాండ్ కట్టి వ్యాయామం చేయమంటున్నారు. ఏది మంచిది? రెండు నెలల్లో హాఫ్ మారథాన్ ఉందని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు నరం అంటున్నది నరం కాదండీ. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే అకిలిస్ టెండన్ అది. పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగుకీ మీ బరువుకు ఐదారు రెట్ల భారాన్ని అదే మోస్తుంది. రెస్ట్ తీసుకున్నప్పుడు నొప్పి తగ్గింది కానీ, ఆ మూడు వారాల్లో టెండన్ బలం పెరగలేదు, ఇంకాస్త తగ్గింది. దాని మీద మళ్లీ పాత దూరమే పరుగెత్తారు. నొప్పి తిరగబెట్టింది అందుకే.

ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య టెండన్‌ను పట్టుకుని మడమ నుంచి పైకి మెల్లగా నొక్కుతూ రండి. మడమకు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన నొప్పి, కొంచెం ఉబ్బు తగిలితే సమస్య టెండన్ మధ్య భాగంలో ఉన్నట్టు. ఎముకకు అతుక్కునే చోటే నొప్పి ఉంటే వ్యాయామం కొద్దిగా మారుతుంది.

ఇక పీఆర్పీ. మీ రక్తమే తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని నొప్పి ఉన్న చోట ఎక్కిస్తారు. వినడానికి ఎంతో బాగుంటుంది. నేనూ దీని మీద చాలా ఆశ పెట్టుకున్నాను. కానీ 2010లో 54 మందికి పీఆర్పీని, ఉప్పునీటి ఇంజెక్షన్‌ను పోల్చి చూస్తే తేడా కనిపించలేదు. 2021లో 240 మందితో చేసిన పెద్ద పరిశోధనలోనూ, మందు లేకుండా ఉత్తుత్తి సూది గుచ్చినవారికీ పీఆర్పీ తీసుకున్నవారికీ ఆరు నెలల తర్వాత ఫలితం ఒక్కలాగే ఉంది. అందుకే మీ సమస్యకు దీన్ని నేను రాయను.

షాక్‌వేవ్ అంటే కరెంటు షాక్ కాదు. కిడ్నీలో రాళ్లు పగలగొట్టడానికి 1980లో మొదలైన ఒత్తిడి తరంగాల చికిత్స నుంచే ఇది వచ్చింది. వారానికొకటి చొప్పున మూడు నుంచి ఐదు సిట్టింగులు ఇస్తారు. వ్యాయామానికి తోడైతే ఉపయోగం ఉంటుంది. మూడు నెలలు శ్రద్ధగా వ్యాయామం చేసినా తగ్గకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

బ్యాండ్ పద్ధతి జపాన్‌లో పుట్టింది. రక్తప్రసరణను కొంతమేర తగ్గించి, మోయగలిగిన గరిష్ఠ బరువులో 20–30 శాతంతోనే కండ పెంచుతారు. ఆపరేషన్ తర్వాత బరువులు ఎత్తలేనివారికి ఇది మంచి దారి. మీరు బరువు మోయగలరు కాబట్టి అవసరం లేదు. ఒత్తిడి కొలిచే సాధనం లేకుండా జిమ్‌లో రబ్బరు బ్యాండ్ బిగించి కట్టుకోవడం మాత్రం వద్దు. బీపీ ఉన్నవారికి, ఎప్పుడైనా కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవారికి అది ప్రమాదం.

మీకు పనిచేసేది 1998లో స్వీడన్ సర్జన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం ప్రచురించిన వ్యాయామం. మెట్టు అంచున మునికాళ్ల మీద నిలబడండి. రెండు కాళ్లతో పైకి లేచి, బరువంతా నొప్పి ఉన్న కాలి మీదకు మార్చి, మడమను మెట్టు కంటే కిందికి మెల్లగా దించండి. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడుసార్లు, కొద్దిగా వంచి మరో మూడుసార్లు. ఉదయం, సాయంత్రం, 12 వారాలు. అంటే రోజుకు 180 సార్లు. తేలికయ్యాక వీపున బ్యాగులో బరువు పెంచుకుంటూ వెళ్లండి. నొప్పి ఎముక దగ్గర ఉన్నవారు మెట్టు మీద కాకుండా నేల మీదే చేయాలి.

చేసేటప్పుడు నొప్పి వస్తుంది, భయపడకండి. పదికి ఐదు లోపు ఉండి, మర్నాటి ఉదయానికి సర్దుకుంటే చాలు. అంతకు మించితే బరువు తగ్గించండి. పరుగు పూర్తిగా మానక్కర్లేదు. దూరం సగానికి తగ్గించి, ఎత్తు ఎక్కే పరుగు, స్పీడ్ రన్నింగ్ ఆపండి.

టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎవరు ఇస్తామన్నా ఒప్పుకోవద్దు, తెగే ప్రమాదం ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ ఈ మధ్య వాడి ఉంటే మీ డాక్టర్‌కు తప్పక చెప్పండి. వాటికీ ఈ టెండన్‌కూ పడదు.

రెండు నెలలంటే చికిత్స మధ్యలోనే ఉంటారు. ఈ హాఫ్ మారథాన్ వదిలేసి, తర్వాతి దానికి పేరు ఇవ్వండి. ఈలోగా ఎప్పుడైనా పిక్క మీద ఎవరో కొట్టినట్టు టప్‌మని శబ్దం వచ్చి, ఆ కాలి మునివేళ్ల మీద లేవలేకపోతే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.